లైన్లో ఉండండి, కలుపుతున్నాను

మా అత్తయ్యకి ఫోను పెట్టేయడం రాదు.

ఎత్తడం వచ్చు. ఎత్తడంలో ఆవిడని మించినవాళ్లు లేరు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా, తల మీద సబ్బు నురగ ఉన్నా, ఫోను రెండోసారి మోగే లోపల ఆవిడ చెవి దగ్గర ఉంటుంది. ఉద్యోగం చేసినంత కాలం టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. మోగే ఫోను ఏడ్చే పసిపిల్లలాంటిది, ముందు ఎత్తుకోవాలి, ఎందుకేడుస్తోందో తర్వాత చూసుకోవచ్చు. అక్కడ నేర్పిన మొదటి పాఠం అదట. రెండోది, ఆపరేటరు తనంతట తాను లైను కట్ చేయకూడదు. అవతలివాళ్లు పెట్టేసేదాకా మర్యాదగా ఉండాలి.

మొదటి పాఠంతో మాకు పేచీ లేదు. మా కొంప ముంచింది రెండోదే.

అప్పులిస్తామనేవాళ్లు, ప్లాట్లు అమ్ముతామనేవాళ్లు, బీమా వాళ్లు, పరుపుల వాళ్లు, ఉచితంగా పళ్లు చూస్తామనేవాళ్లు, అందరూ ఫోను చేసేవాళ్లు. అత్తయ్య మొదట్లోనే వద్దండీ అని చెప్పేది. వాళ్లు ఎందుకు వద్దో చెప్పమనేవాళ్లు. ఈవిడ చెప్పేది. పెట్టేయకుండా మాట్లాడినందుకు వాళ్లకి జీతాలిస్తారు, ఈవిడకి పెట్టేయడం చేతకాదు. ఇక ఆ మాటలకి అంతెక్కడ? నేను కిటికీ పక్కన మిషను మీద జనం ఇళ్లకి కర్టెన్లు కుడుతూ ఉంటాను. ఒక కర్టెను అంచు మొత్తం కుట్టడం అయిపోయేది, అత్తయ్య ఇంకా పరుపులో స్పాంజి ఎన్ని రకాలో వింటూనే ఉండేది.

"పెట్టేయొచ్చు కదా అత్తయ్యా" అంటే రిసీవరు మీద అరచెయ్యి మూసి, నేనేదో బూతు మాటన్నట్టు చూసేది.

"మనిషి మాట్లాడుతుంటే ఎలా పెట్టేస్తాం అమ్మాయ్? మొహం మీద తలుపు వేసినట్టు."

ఇందులో అసలు తమాషా మా ఆయన ఉద్యోగం. నీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీలో ఫోన్లు చేసే పిల్లలకి శిక్షణ ఇస్తాడు. కస్టమరు విసుక్కున్నా, తిట్టినా, ఇంట్లో చుట్టాలున్నారన్నా, ఫోను పెట్టేయనివ్వకుండా ఎలా మాట్లాడాలో నేర్పుతాడు. మీ వల్ల ఊళ్లో ఎంతమంది అత్తయ్యలు ఇలా చిక్కుకున్నారో అని ఒకసారి అన్నాను. మాది నిజమైన ఫిల్టరు కదా అన్నాడు. గురివింద గింజకి తన నలుపు తెలియదు.

చిన్నప్పుడు ఆయనకి ఇంత స్వేచ్ఛ లేదులెండి. అప్పట్లో దూరపు ఊళ్లకి ట్రంకాల్ మాట్లాడేవాళ్లకి మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో వచ్చి హెచ్చరించేది. అత్తయ్య ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంది. ఈయన పెళ్లికి ముందు నాకు ఫోను చేసినప్పుడల్లా, అసలు మాటకొచ్చే సమయానికి వెనక నుంచి ఒక గొంతు వినిపించేది. తియ్యగా, ఇస్త్రీ చేసినట్టు మడత లేకుండా. "మూడు నిమిషాలు అయ్యాయి." ఆ వెంటనే టక్కుమని ఈయన రిసీవరు పెట్టేసిన చప్పుడు. మా ప్రేమంతా మూడేసి నిమిషాల ముక్కలుగా నడిచింది. నేనంటే ఇష్టమో కాదో ఆయన ఉత్తరం రాస్తేగాని నాకు తెలియలేదు.

ఇలా ఉండగా ఒకరోజు బ్యాంకు నుంచి అంటూ ఒకడు ఫోను చేశాడు. మీ కార్డు ఆగిపోతోంది మేడం, ఆగకుండా ఉండాలంటే మీ ఫోనుకి వచ్చిన ఓటీపీ చెప్పండి అన్నాడు. నేను కొత్త బట్ట కొనడానికి బజారుకి వెళ్లాను. అత్తయ్య చెప్పేసింది. అడిగిన నంబరు చెప్పడం ఆపరేటరు ధర్మం కదా.

కానీ ఎక్స్చేంజిలో మూడో పాఠం కూడా ఉంది. నంబరు చెప్పాక అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవాలి. వాడు గబగబా ఒక్క గుక్కలో చెప్పాడు. అలా కాదు నాయనా, జంటలు జంటలుగా చెప్పు అంది. జంటలుగా చెప్పాడు. మధ్యలో 'ఆరు' అన్నావా, 'ఆఁ' అన్నావా అని అడిగింది. ఆరే మేడం అన్నాడు. అయితే మొదట్నించీ చెప్పు అంది. ఈ పాఠం పూర్తయ్యే లోపల ఆ ఓటీపీకి కాలం చెల్లింది. వాడు ఏడుపు గొంతుతో ఇంకొకటి పంపాడు. అత్తయ్య ఓపిగ్గా మళ్లీ మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే మా ఆయన భోజనానికి ఇంటికొచ్చాడు. 'జంటలుగా' అన్న మాట చెవిన పడగానే చెప్పులతోనే లోపలికొచ్చి ఫోను లాక్కున్నాడు.

ఏమీ పోలేదు. అయినా ఆ పూట మా ఆయన అన్నం ముందు కూర్చుని చెప్పిందంతా తీర్పులాగే ఉంది. ఇంట్లో ఉన్న పాత ఫోను కనెక్షను తీయించేస్తాడట. అత్తయ్య సెల్లులో తెలిసిన నంబర్లు తప్ప ఇంకేవీ మోగకుండా చేస్తాడట.

అత్తయ్య వాదించలేదు. ఒక్క మాట అడిగింది.

"మరి ట్రంకాల్?"

ట్రంకాల్ అంటే మనిషి. అత్తయ్యతో పక్క కుర్చీలో పనిచేసిన స్నేహితురాలు. దూరపు ఊళ్లకి వినబడాలంటే అరవాలని ఆవిడ నమ్మకం. వీధి చివరి షాపుకి ఫోను చేసినా అరిచే మాట్లాడుతుంది. మా ఆయన చిన్నప్పటి నుంచీ ట్రంకాల్ పిన్ని అనే పిలుస్తాడు. ఆవిడకి సొంత ఫోనుంది, కానీ అది ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మరిచిపోయి ఉంటుంది. అత్తయ్య గుర్తుకి రాగానే పక్కన ఎవరుంటే వాళ్ల ఫోను అడిగి తీసుకుంటుంది. ఒకసారి పళ్ల డాక్టరు ఫోను, ఇంకోసారి బస్సులో పక్క సీటు అమ్మాయిది, మరోసారి ఇంటికి సున్నం వేయడానికొచ్చిన మేస్త్రీది. ప్రతిసారీ కొత్త నంబరే. తెలియని నంబర్లు మోగకపోతే ట్రంకాల్ పిన్ని అన్న మనిషే మా ఇంట్లో మోగదు. అత్తయ్యతో పాటు పనిచేసినవాళ్లలో ఇప్పుడు ఫోను చేసేది ఆవిడొక్కతే.

పిన్నిని తన ఫోనుతో చేయమను అన్నాడు మా ఆయన. వాన పైకి కురవడం ఇంతకన్నా సులువు అంది అత్తయ్య. చెయ్యి కడుక్కునే లోపల ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

"సరే అమ్మా, ఇంకొక్కసారి చూస్తాను. ఈసారి ఎవడికైనా ఒక్క అంకె చెప్పావని తెలిస్తే మాత్రం రెండు ఫోన్లూ ఉండవు."

ఆ తర్వాత కొన్నాళ్లు అత్తయ్యని చూస్తే జాలేసేది. స్టూలు మీద పాత ఫోను, ఒళ్లో సెల్లు, రెండింటినీ మార్చి మార్చి చూసుకునేది. హాస్టల్లో చేర్చబోయే పిల్లల్ని చూసుకున్నట్టు. ఎవరైనా ఏదైనా అమ్ముతామంటే పెట్టేయడానికి నిజంగానే ప్రయత్నించింది. చెయ్యి ఫోను దాకా వెళ్లేది, అక్కడ ఆగిపోయేది, తిరిగి చెవి దగ్గరికి వచ్చేసేది. "చెప్పండి, వింటున్నాను" అనేది నీరసంగా.

ఒక మధ్యాహ్నం పాత ఫోనులో ప్లాట్లబ్బాయి ఉన్నాడు. ఊరికి దగ్గరే, పక్కనే పెద్ద రోడ్డు, అని చెప్పుకుపోతున్నాడు. అంతలో ఒళ్లో సెల్లు మోగింది. మోగే ఫోను ఎత్తుకోకుండా ఉండలేదు కదా, ఎత్తింది. ఎవరో అమ్మాయి, ఇల్లు కట్టుకోవడానికి అప్పిస్తామంటోంది. ఒక చెవిలో ప్లాటు, ఒక చెవిలో అప్పు. అత్తయ్య నడుము ఒక్కసారిగా నిటారుగా అయ్యింది. చాలా కాలానికి ఆ ఇస్త్రీ గొంతు విన్నాను.

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను."

సెల్లులో స్పీకరు పెట్టింది. పాత ఫోను రిసీవరునీ సెల్లునీ దిండు మీద ఎదురుబొదురుగా పడుకోబెట్టింది, ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల్ని ఒకరి తల ఇంకొకరి కాళ్ల వైపు పెట్టి పడుకోబెట్టినట్టు. ఒకదాని నోరు రెండోదాని చెవి దగ్గర.

కాసేపు రెండు వైపుల నుంచీ హలోలు వినిపించాయి. తర్వాత ప్లాట్లబ్బాయి, మీకు స్థలం ఉందా మేడం అన్నాడు. మీకు డబ్బుకి ఇబ్బందిగా ఉందా సార్ అని ఆ అమ్మాయి అంది. అలాంటి ప్రశ్న తమని ఎవరో ఎదురు అడగడం ఇద్దరికీ బహుశా అదే మొదటిసారి. ఆ తర్వాత వాళ్ల మాటలు ఎంత జోరుగా సాగాయంటే, నేను మిషను ఆపి కూర్చుండిపోయాను. ఆ అబ్బాయి నెల నెలా ఎంత కట్టాలో అడుగుతున్నాడు. ఆ అమ్మాయి పెద్ద రోడ్డుకి ఎంత దూరమో అడుగుతోంది. మేము నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాం. చివరికి వాళ్లే ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుని పెట్టేశారు.

"చూశావా, వాళ్లే పెట్టారు" అంది అత్తయ్య. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

అక్కడి నుంచి మా అత్తయ్య పెళ్లిళ్ల పేరమ్మ అయిపోయింది. పరుపులవాళ్లని బీమావాళ్లతో కలిపింది. పళ్లు చూసేవాళ్లని మిఠాయిల హోల్‌సేలువాడితో కలిపింది. ఎవరికీ ఎదురు జంట దొరక్కపోతే, "లైన్లో ఉండండి, తగిన సంబంధం చూస్తున్నాను" అని మనసులో అనుకునేదట. నా కుట్టు డబ్బాలోంచి వెడల్పాటి ఎలాస్టిక్ ముక్క తీసిచ్చాను, రెండు ఫోన్లూ జారిపోకుండా చుట్టడానికి. ఆపరేటరు వినకూడదు, వినబడితే తప్పులేదు అనేది అత్తయ్య. స్పీకరు వల్ల మాకు బాగా వినబడేది.

మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. ఇంట్లో ఫోన్ల గోల తగ్గిందని ఆయనకి అనుమానం వచ్చినట్టుంది. అమ్మ జాగ్రత్తగా ఉంటోందా అని రెండుమూడుసార్లు అడిగాడు. ఉంటున్నారు అన్నాను. నమ్మలేదు.

ఆ రోజు నేను ఎవరిదో హాలుకి నేల దాకా వేలాడే కర్టెను కుడుతున్నాను. బరువు బట్ట. సగం నా ఒళ్లో, సగం నా చుట్టూ, పైనుంచి కింద దాకా గుండుసూదులు. కదిలే వీల్లేదు. సెల్లు మోగింది, అత్తయ్య ఎత్తింది. రెండు మాటలు విని నావైపు తిరిగి పెదాలు మాత్రం కదిపింది. ఆఁ గాడు. వాడే, ఆరుకీ ఆఁకీ తేడా లేకుండా పలికిన బ్యాంకువాడు. రోజూ ఎన్ని ఇళ్లకి చేస్తాడో, మా ఇంటి సంగతి మరిచిపోయాడు. మీ కార్డు ఆగిపోతోంది మేడం అంటూ మొదటి నుంచీ మొదలుపెట్టాడు.

అప్పుడే పాత ఫోను మోగింది. ముక్కుతో మాట్లాడే మనిషెవరో. నమస్కారం మేడం, బ్యాంకు నుంచి, మీ ఓటీపీ కావాలి అన్నాడు.

అత్తయ్య కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి. పెదవి కొరుక్కుంది. కళ్లల్లో ఒక మెరుపు వచ్చింది.

"మీవాళ్లే ఇంకొకరు ఉన్నారు. లైన్లో ఉండండి, కలుపుతున్నాను."

ఎలాస్టిక్ చుట్టి దిండు మీద పెట్టింది.

ఎవరండీ అంది సెల్లు. బ్యాంకు నుంచండీ అంది పాత ఫోను. ఏ బ్యాంకు అంది సెల్లు. మీ బ్యాంకే అంది పాత ఫోను. బ్యాంకు నుంచి నేను కదా మాట్లాడేది అంది సెల్లు. నాకు నవ్వాపుకోలేక కడుపు నొప్పెట్టింది. కదిలితే గుండుసూదులు గుచ్చుకుంటున్నాయి.

కానీ ఆఁ గాడు ఆరితేరినవాడు. ముందుగా తేరుకున్నది వాడే. గొంతు బరువుగా మార్చేశాడు.

"మాది మోసాలు పట్టుకునే విభాగం. మీరు బ్యాంకు పేరు చెప్పి ఒక పెద్దావిడకి ఫోను చేశారు. మొత్తం రికార్డయ్యింది. మీ నంబరు మా ముందుంది."

అవతల ముక్కు ఒక్కసారిగా తెరుచుకుంది.

"సార్, నేను దొంగని కాను సార్. ఆవిడ మా అమ్మ."

నా కాలు మిషను పెడలు మీద అలాగే ఉండిపోయింది. అది మా ఆయన గొంతు. అత్తయ్యని చూశాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. నమస్కారం అన్నప్పుడే తెలుసు అన్నట్టు తలూపి, మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టింది.

ప్రతి దొంగా అదే మాటంటాడు అన్నాడు ఆఁ గాడు. నిజంగా మా అమ్మే సార్, ఓటీపీ చెప్పేస్తుందో లేదో పరీక్ష చేద్దామని ఆఫీసు ఫోను నుంచి చేశాను అన్నాడు మా ఆయన. తల్లికి పరీక్ష పెట్టే కొడుకుని నేనింతవరకూ చూడలేదు అన్నాడు ఆఁ గాడు. ఈ విషయంలో అత్తయ్య వాడి వైపే ఉన్నట్టు నాకనిపించింది.

"మీరు మీరేనని నిరూపించుకోండి. మీ పేరు మీద కార్డుందా? నంబరు చెప్పండి. మీ సెల్లుకి ఒక ఓటీపీ వస్తుంది. అది చెబితే మీరెవరో తేలిపోతుంది. లేదంటే కేసు రాయాల్సిందే."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఎంతమందికో మాటలు నేర్పిన మనిషి, రోజూ మాకు జాగ్రత్తలు చెప్పే మనిషి, పర్సులోంచి కార్డు తీసి నంబరు చదవడం మొదలుపెట్టాడు. అదీ జంటలు జంటలుగా. తల్లి పెంపకం ఎక్కడికి పోతుంది.

నా నవ్వు ఆగిపోయింది. కట్ చేయండి అత్తయ్యా, కట్ చేయండి అని గుసగుసగా అరిచాను. లేవబోతే కర్టెను కాళ్లకి చుట్టుకుంది. అత్తయ్య చెయ్యి ఎలాస్టిక్ దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఎన్నేళ్లుగానో ఆగిపోయే చోటే ఆగింది. చెయ్యి ముందుకి పోదు, వెనక్కి రాదు.

అవతల టింగుమని ఆయన సెల్లు మోగింది.

"వచ్చింది సార్. చెబుతున్నాను. నాలుగు, ఎనిమిది..."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. దిండు మీదికి వంగింది. గొంతు సవరించుకోలేదు, కంగారు పడలేదు. తియ్యగా, మడత లేకుండా అంది.

"మూడు నిమిషాలు అయ్యాయి."

టక్.

అంతే. మా ఆయన పెట్టేశాడు. ఎందుకు పెట్టేశాడో ఆయనకే తెలియదు. ఆ మాట వినగానే చెయ్యి దానంతట అదే వెళ్లి రిసీవరు దించేసిందని తర్వాత చెప్పాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు వేసిన ముడి, ఇంకా ఊడలేదు.

సెల్లులోంచి మాత్రం ఆఁ గాడు పిలుస్తూనే ఉన్నాడు. హలో సార్, ఎనిమిది తర్వాత సార్, సార్.

"అవతలి పార్టీవారు పెట్టేశారండీ" అంది అత్తయ్య. "ఇంకెవరికైనా కలపమంటారా?"

వాడు ఒక మాటన్నాడు. అది రాయదగ్గది కాదు. అని, వాడే పెట్టేశాడు. అత్తయ్య ఎలాస్టిక్ విప్పి, రిసీవరు యథాస్థానంలో పెట్టి, అప్పుడు మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగుతూ తాగుతూ నవ్వడం మొదలుపెట్టింది. నేను కర్టెన్లోనే కూలబడి నవ్వాను. ఎక్కడెక్కడో సూదులు గుచ్చుకున్నాయి, అయినా ఆపలేకపోయాను. మా ఆయనకి ఫోను చేస్తే ఎంగేజ్. అసలు బ్యాంకుకి ఫోను చేసి కార్డు ఆపించుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం దొంగకి తేలు కుట్టినట్టు ఇంటికొచ్చాడు. చెప్పులు చప్పుడు కాకుండా విడిచాడు. పిలవకుండానే వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని కొడుకు మొహమే చూస్తోంది.

"ఒరేయ్, జలుబు తగ్గిందా?"

ఆయనకి పొలమారింది. ఏం జలుబు అన్నాడు, దగ్గుల మధ్య.

"మధ్యాహ్నం ముక్కు మూసుకుపోయినట్టు మాట్లాడావుగా."

నేను వంటింట్లోకి పారిపోయాను. నవ్వు అక్కడ కూడా ఆగలేదు. గిన్నెలు చప్పుడు చేసి కప్పిపుచ్చుకోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆయన తల వంచుకుని అడుగుతున్నాడు, తెలిసే కలిపావా అమ్మా అని. తెలియకేం అంది అత్తయ్య. నువ్వు బ్యాంకన్నావు, అతనూ బ్యాంకన్నాడు, మీలో ఎవరు అసలో తేల్చడం ఆపరేటరు పని కాదు నాన్నా. కలపడమే నా పని.

"నేనేమైనా అంకె చెప్పానా?" అని అడిగింది ఆఖరున.

చెప్పలేదని ఒప్పుకున్నాడు. చెప్పింది తనేనని కూడా ఒప్పుకున్నాడు. అయినా స్టూలు మీద ఫోను వంక చూస్తూనే ఉన్నాడు. ఏదో అనబోతున్నాడు. అత్తయ్య కూడా అటే చూస్తోంది, ఇప్పుడు నవ్వు లేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

సెల్లు మోగింది.

తెలియని నంబరు. అది ఆయన చేతికి దగ్గరగా ఉంది. అత్తయ్య లేవబోయి ఆగింది. ఆయన నంబరు చూశాడు, తల్లిని చూశాడు. రెండోసారి మోగే లోపల ఎత్తాడు. లోపలి నుంచి వచ్చిన కేకకి ఫోను చెవికి చాలా దూరం పట్టుకోవాల్సి వచ్చింది. ట్రంకాల్ పిన్ని. ఈసారి ఎవరో పెట్రోలు బంకు కుర్రాడి ఫోనట, ఆ సంగతి పక్కింటివాళ్లకి కూడా తెలిసుంటుంది.

మా ఆయన ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుని, నడుము నిటారుగా చేసుకున్నాడు.

"లైన్లో ఉండండి పిన్నీ, కలుపుతున్నాను."

ఫోను తల్లి చేతికిచ్చాడు. అవతలి నుంచి పిన్ని అరుపు మాకందరికీ వినబడింది.

"ఎవరే ఆ కొత్త ఆపరేటరు?"

అత్తయ్య కొడుకుని ఎగాదిగా చూసింది.

"మనవాడే" అంది. "ఇంకా ట్రైనింగులో ఉన్నాడు."